పోర్టబుల్ వాటర్ శాంప్లర్‌లో స్టార్ట్, స్టాప్, రెజ్యూమ్ టైములు పెట్టడం ఎలా?

పోర్టబుల్ వాటర్ శాంప్లర్ అంటే పెట్టిన టైముకు తనంతట తానే నీటి నమూనా పీల్చి సీసాల్లో పోసే మెషీన్. ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగు నీటిని శుద్ధి చేసే ప్లాంటు) ఔట్‌లెట్ దగ్గర 24 సీసాల శాంప్లర్ దించి, గంటకో శాంపిల్ తియ్యమని పెట్టేసి రావడం ఎవరైనా చేస్తారు. చిక్కల్లా ఫ్యాక్టరీ రోజంతా నీళ్లు వదలకపోవడంతోనే. సాయంత్రం పంపు ఆపేశాక కాలువలో నిలిచిపోయిన నీటిలో మట్టి అడుక్కి దిగిపోతుంది. రాత్రంతా శాంప్లర్ ఆ నీటినే పీలుస్తూ కూర్చుంటే సస్పెండెడ్ సాలిడ్స్ (నీటిలో కరగకుండా తేలుతుండే మట్టి లాంటివి) తక్కువగా కనిపిస్తాయి, సగం సీసాలు వృథా అవుతాయి. నీళ్లు పారే గంటల్లోనే శాంపిల్ తీసి, మిగతా టైమంతా ఊరుకుని, మర్నాడు తనంతట తానే మళ్లీ మొదలుపెట్టేలా చెయ్యడానికే ఈ మూడు టైములు ఉన్నాయి.

కంపెనీని బట్టి మెనూలో పేర్లు మారతాయి. ఒకదానిలో స్టాప్ అని ఉంటే ఇంకోదానిలో పాజ్ అని ఉంటుంది. టెలిడైన్ ఇస్కో 6712 లాంటి వాటిలో స్టాండర్డ్, ఎక్స్‌టెండెడ్ అని రెండు రకాల ప్రోగ్రామింగ్ ఉంటుంది. మామూలు మెనూలో స్టాప్, రెజ్యూమ్ కనపడకపోతే మీ మెషీన్‌కు ఆ సౌకర్యం లేదనుకోకండి, ముందు ఎక్స్‌టెండెడ్‌లోకి మార్చి చూడండి. ఇక్కడ చెప్పేది ఏ మోడల్‌కైనా పనికొస్తుంది, ఎందుకంటే ఇందులో బటన్లు నొక్కే పని తక్కువ, కాగితం మీద పని ఎక్కువ.

ముందు నీళ్ల టైము కనుక్కోండి

షిఫ్ట్ ఎనిమిదికి మొదలవుతుందని చెప్పగానే స్టార్ట్ టైము 8:00 అని రాసేయకండి. ప్రొసెస్‌లో వాడిన నీరు ఈక్వలైజేషన్ ట్యాంకులో (వచ్చిన నీళ్లన్నీ కలిసే ట్యాంకులో) చేరి, ట్రీట్‌మెంట్ దాటి, ఔట్‌లెట్‌కు రావడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. కొన్నిచోట్ల షిఫ్ట్ ముగిశాకే డిశ్చార్జ్ పంపు ఆన్ చేస్తారు. ఆఫీసులో మేనేజర్‌ని అడిగితే షిఫ్ట్ టైము చెబుతాడు, పంపు టైము కావాలంటే ఈటీపీ ఆపరేటర్‌నే అడగాలి. ఆయన దగ్గర లాగ్‌బుక్ ఉంటుంది. వారం రోజుల ఎంట్రీలు చూస్తే పంపు ఎప్పుడు ఆన్ అవుతోందో, ఎప్పుడు ఆగుతోందో, ఆదివారం నడుస్తోందో లేదో తెలిసిపోతుంది.

పనిలో పనిగా ట్యాంకులు, ఫ్లోర్ ఎప్పుడు కడుగుతారో కూడా అడగండి. చాలాచోట్ల ఇది షిఫ్ట్ చివర్లో జరుగుతుంది. ఆ కడుగు నీళ్లు రాకముందే స్టాప్ పెడితే రిపోర్టు బాగానే వస్తుంది కానీ అది ఆ ఫ్యాక్టరీ రిపోర్టు కాదు. స్టాప్ టైము పెట్టే చోటే శాంపిల్‌ని తమకు కావలసినట్టు తిప్పుకునే వీలుంది, తనిఖీకి వచ్చేవాళ్లకూ అది తెలుసు. కాబట్టి కడుగు నీళ్లు కూడా వెళ్లిపోయాకే స్టాప్ పెట్టండి.

గడియారం సరిచేయండి

శాంప్లర్ టైమును ఫోన్ టైముతో పోల్చి నిమిషం వరకూ సరిచేయండి. అక్కడ ఫ్లోమీటర్ (నీటి ప్రవాహం కొలిచే మీటరు) ఉంటే దాని గడియారం కూడా చూడండి. రెండింటికీ పది నిమిషాల తేడా ఉంటే తర్వాత ఫ్లో లెక్కలకూ శాంపిల్ టైములకూ పొంతన కుదరదు. తేదీ ఏ వరసలో ఉందో గమనించండి. అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత వస్తుంది. 05-06 అని కనిపిస్తే అది మే 6వ తేదీయా, జూన్ 5వ తేదీయా అన్నది తేల్చుకున్నాకే ముందుకెళ్లండి. మెనూలో డేలైట్ సేవింగ్ అనే ఆప్షన్ ఉంటే మన దేశంలో ఆఫ్‌లో ఉంచాలి. అమెరికాలో ఈ పని చేస్తున్నవాళ్లయితే మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం మీదుగా వెళ్లే ప్రోగ్రాములను ప్రత్యేకంగా చూసుకోవాలి. ఆ రాత్రి గడియారం గంట అటోఇటో జరుగుతుంది.

సీసాల లెక్క

అసలు తిరకాసు ఇక్కడే. రోజూ ఉదయం 8:00 నుంచి సాయంత్రం 4:00 వరకు నీళ్లు వదిలే ఫ్యాక్టరీని తీసుకుందాం. గంటకో శాంపిల్, శాంపిల్‌కో సీసా, మొత్తం 24 సీసాలు. ఎనిమిది గంటలు, మూడు రోజులు, ఎనిమిది మూళ్లు ఇరవైనాలుగు, సరిపోయింది అనిపిస్తుంది.

సరిపోదు. 8:00కి ఒకటి, 9:00కి ఒకటి, అలా లెక్కపెట్టుకుంటూ 16:00 వరకు వెళ్తే తొమ్మిది శాంపిళ్లు వస్తాయి. రెండు రోజుల్లో 18 సీసాలు నిండుతాయి. మూడో రోజుకు ఆరే మిగులుతాయి కాబట్టి మధ్యాహ్నం 1:00కి చివరి సీసా నిండి ప్రోగ్రాం ముగుస్తుంది. మూడో రోజు మధ్యాహ్నం తర్వాతి నీళ్ల సంగతి మీకు తెలియకుండానే పోతుంది.

దీనికి మందు చిన్నదే. శాంపిల్ టైము మీదనే స్టాప్ పెట్టకుండా రెండు శాంపిళ్ల మధ్యలో పెట్టండి. 15:30కి స్టాప్ పెడితే 8:00 నుంచి 15:00 వరకు ఎనిమిదే వస్తాయి, సందేహమే ఉండదు. చివరి అరగంటలో కడుగు నీళ్లు వస్తుంటే, లేదా 16:00 శాంపిల్ కూడా కావాలనుకుంటే స్టాప్ 16:20కి పెట్టి, రోజుకు తొమ్మిది చొప్పున రెండు రోజుల ప్రోగ్రామే అనుకోండి. ట్యూబ్ కడగడం, నీరు లాగడం, వెనక్కి ఊదడం అంతా కలిసి ఒక్కో శాంపిల్‌కు కొన్ని నిమిషాలు పడుతుంది. అందుకే శాంపిల్‌కూ స్టాప్‌కూ మధ్య కనీసం ఐదారు నిమిషాలైనా ఎడం ఉంచాలి.

ఇంటర్వల్ (రెండు శాంపిళ్ల మధ్య టైము) ఎంచుకునేటప్పుడు ఇంకో సంగతి చూడండి. రోజుకు 1,440 నిమిషాలు. 15, 20, 30, 45, 60, 90 లాంటివి దాన్ని శేషం లేకుండా భాగిస్తాయి కాబట్టి మర్నాడు కూడా శాంపిళ్లు అవే టైములకు పడతాయి. 50 నిమిషాలు పెట్టారనుకోండి. ఉదయం 8:00కి మొదలైన వరస మర్నాడు 7:20, 8:10 మీద పడుతుంది. రెజ్యూమ్ 8:00కే పెట్టినా, మీ మెషీన్ మొదటి రోజు వరసనే పట్టుకు నడిచేదైతే మొదటి శాంపిల్ 8:10కి వస్తుంది. మూడో రోజుకు ఇంకా జరుగుతుంది. ఇంత టెన్షన్ ఎందుకు, 45 గానీ 60 గానీ పెట్టుకుంటే పోతుంది.

కాంపోజిట్ శాంపిల్‌కు, అంటే అన్నీ ఒకే పెద్ద డబ్బాలో పోసేటప్పుడు, లెక్క వేరు. ఎనిమిది గంటలు, 15 నిమిషాలకోసారి, 250 మి.లీ. చొప్పున 32 సార్లు తీస్తే 8 లీటర్లు. 10 లీటర్ల డబ్బాలో అది బాగా ఇముడుతుంది. అదే ప్రోగ్రాం రెండో రోజుకూ రెజ్యూమ్ అయ్యేలా వదిలేస్తే పొంగి పొర్లడమో, నిండిందని మెషీన్ మధ్యలో ఆగిపోవడమో జరుగుతుంది. కాంపోజిట్ అయితే రోజుకో ప్రోగ్రాం, రోజుకో డబ్బా పెట్టుకోవడం నయం.

మీ మెషీన్ స్వభావం తెలుసుకునే పరీక్ష

సైటుకు తీసుకెళ్లే ముందు ల్యాబ్‌లో బకెట్ నీళ్లతో ఇది చేసి చూడండి. అరగంట పని. ఇంటర్వల్ 5 నిమిషాలు, స్టార్ట్ 10:00, స్టాప్ 10:10, రెజ్యూమ్ 10:22, ప్రోగ్రాం ముగింపు 10:35 అని పెట్టండి. శాంపిల్ 50 మి.లీ. చాలు. నీళ్లు ఎప్పుడు పడ్డాయో గడియారం చూస్తూ రాసుకోండి.

10:00కి శాంపిల్ పడిందంటే స్టార్ట్ టైముకే మొదటి శాంపిల్ తీస్తుందన్నమాట. 10:05కి గానీ పడలేదంటే ఒక ఇంటర్వల్ గడిచాక మొదలుపెడుతోంది. కొన్ని మెషీన్లలో ఈ రెంటిలో ఏది కావాలో మీరే ఎంచుకోవచ్చు. 10:10కి పడిందో లేదో చూస్తే, స్టాప్‌తో సరిగ్గా కలిసే శాంపిల్‌ను అది తీస్తుందా, వదిలేస్తుందా అన్నది తెలుస్తుంది. రెజ్యూమ్‌ను 10:20కి కాకుండా 10:22కి పెట్టమన్నది కావాలనే. 10:22కే పడితే రెజ్యూమ్ నుంచి వరస కొత్తగా మొదలవుతోంది. 10:25కి పడితే పాత వరసే లోపల నడుస్తోంది. 10:27కి పడితే రెజ్యూమ్ అయ్యాక ఒక ఇంటర్వల్ మొత్తం ఆగి తీస్తోంది. 10:20కి పెట్టి ఉంటే మొదటి రెండింటికీ తేడా కనిపించేది కాదు.

వచ్చిన ఫలితాన్ని స్కెచ్‌పెన్‌తో ఒక స్టిక్కర్ మీద రాసి మూత లోపల అంటించండి. రేపు ఆ మెషీన్ ఇంకొకరు తీసుకెళ్తారు, వాళ్లకు మాన్యువల్ కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది.

ప్రోగ్రాం ఎక్కించడం

కాగితం మీద వరసగా, తేదీతో సహా రాసుకున్న టైములనే ఎక్కించండి, కీప్యాడ్ ముందు కూర్చుని ఆలోచించకండి. పై ఫ్యాక్టరీకి ఇలా ఉంటుంది:

సోమవారం స్టార్ట్ 8:00
సోమవారం స్టాప్ 15:30
మంగళవారం రెజ్యూమ్ 8:00
మంగళవారం స్టాప్ 15:30
బుధవారం రెజ్యూమ్ 8:00
బుధవారం స్టాప్ 15:30

ఇందులో మొదటిది మాత్రమే స్టార్ట్, తర్వాతి రోజులవి రెజ్యూమ్‌లు. స్టాప్, రెజ్యూమ్ జంటలుగా సాగాలి. ఒక స్టాప్‌కు రెజ్యూమ్ ఇవ్వడం మర్చిపోతే ఆ తర్వాతంతా మెషీన్ నిద్రలోనే ఉంటుంది. స్క్రీన్ మీద ఎర్రర్ ఏమీ రాదు, ఎందుకంటే దాని దృష్టిలో అది తప్పు కాదు. ఎక్కించాక ప్రోగ్రాంను మొదటి నుంచి తెరమీద చూపించే రివ్యూ ఆప్షన్ ఉంటే ఒకరు చదవండి, ఇంకొకరు కాగితంతో సరిచూడండి.

ఇంకో రకం మెషీన్లు తేదీలు అడగవు, టైము ఒకసారి తీసుకుని వారంలో ఏయే రోజుల్లో అమలు కావాలో అడుగుతాయి. ఇది సుఖమే కానీ ఆదివారాన్ని మీరే తీసేయాలి. తీయకపోతే ఎండిన కాలువలో పంపు గాలి పీలుస్తుంది, నీరు దొరకలేదని లాగ్‌లో రాసుకుని తర్వాతి సీసాకు వెళ్తుంది. సోమవారం మీరెళ్లేసరికి ఖాళీ సీసాల వరస కనిపిస్తుంది.

రాత్రి షిఫ్ట్ ఉన్నచోట మరింత జాగ్రత్త కావాలి. రాత్రి 22:00 నుంచి ఉదయం 6:00 వరకు డిశ్చార్జ్ ఉంటే స్టాప్ పడేది మర్నాడు. వారంలో రోజులు ఎంచుకునే మెషీన్‌లో రెజ్యూమ్‌కు సోమ నుంచి శని వరకు టిక్ చేస్తే, స్టాప్‌కు మంగళ నుంచి ఆది వరకు టిక్ చేయాలి. రెండింటికీ ఒకే రోజులు పెడితే శనివారం రాత్రి మొదలైంది ఆదివారం ఉదయం ఆగదు. 24 గంటల గడియారమే వాడండి. ఆదివారం రాత్రి పన్నెండు అని మనం అనేది మెషీన్‌కు సోమవారం 00:00.

స్టార్ట్ టైము మీరు పని ముగించి రన్ నొక్కే టైముకు కనీసం పావుగంట తర్వాత ఉండాలి. 8:00కి స్టార్ట్ పెట్టి, గొట్టం బిగించడం ఆలస్యమై 8:05కి రన్ నొక్కితే ఏమవుతుంది? కొన్ని మెషీన్లు వెంటనే మొదలుపెడతాయి, కొన్ని మర్నాటి 8:00 కోసం కూర్చుంటాయి. రన్ నొక్కాక తెరమీద తర్వాతి శాంపిల్ ఎప్పుడో కనిపిస్తుంది. అది చదవకుండా మూత వేయకండి.

ఫ్లోమీటర్ పల్స్‌లను (ఇంత నీరు పారినప్పుడల్లా అది పంపే సిగ్నళ్లను) బట్టి శాంపిల్ తీసే పద్ధతి పెట్టుకుంటే, స్టాప్‌లో ఉన్నప్పుడు వచ్చే పల్స్‌లను మెషీన్ లెక్కపెడుతోందా లేదా అన్నది కూడా ల్యాబ్‌లోనే తేల్చుకోండి. లెక్కపెట్టేదైతే రెజ్యూమ్ కాగానే ఒక శాంపిల్ ముందుగానే పడుతుంది.

గడియారం పనికిరాని చోట్లు

కాకినాడ వైపు ఉప్పుటేరుల్లాంటి ఆటుపోట్ల నీటిలో పోటు తగ్గేటప్పుడు మాత్రమే శాంపిల్ కావాలంటే రోజూ ఒకే రెజ్యూమ్ టైము పనికిరాదు. ఆటుపోట్ల చక్రం సుమారు 24 గంటల 50 నిమిషాలది కాబట్టి రోజుకు 50 నిమిషాల చొప్పున టైము ఆలస్యమవుతూ పోతుంది. టైడ్ టేబుల్ చూసి ఒక్కో రోజుకు వేర్వేరు టైములు ఇచ్చుకోవాలి.

వాన నీటి సంగతి చెప్పక్కర్లేదు. వాన మన స్టార్ట్ టైము చూసి రాదు. నీటిమట్టం పెరిగితే గానీ, రెయిన్‌గేజ్ నుంచి సిగ్నల్ వస్తే గానీ మొదలయ్యేలా ట్రిగ్గర్ పెట్టాలి. ఫ్లోట్ స్విచ్ మీద పంపు ఎప్పుడంటే అప్పుడు ఆన్ అయ్యే ఈటీపీలకు కూడా ఇదే మేలు. అలాంటిచోట గంటలు ఊహించి స్టాప్, రెజ్యూమ్ పెట్టడం లాటరీ టికెట్ కొనడమే.

ఎన్ని రోజుల ప్రోగ్రాం?

రెజ్యూమ్ ఉంది కదా అని మూడు రోజులు వదిలేయాలనిపిస్తుంది. అది ఏ పరీక్ష కోసం అన్నదాన్ని బట్టి ఉంటుంది. బీఓడీ (నీటిలోని మురికిని కుళ్లించడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్ కొలత) శాంపిల్‌ను చల్లగా, 6 డిగ్రీల సెల్సియస్ దాటకుండా ఉంచి, 48 గంటల్లోపు పరీక్ష మొదలుపెట్టాలి. సోమవారం 8:00 నాటి మొదటి సీసాను బుధవారం సాయంత్రం తీసుకెళ్తే ఆ గడువు అప్పటికే దాటిపోతుంది. సీఓడీకి (మురికికి కావలసిన ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలిచే పరీక్షకు) ఆ ఇబ్బంది లేదు. సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో పీహెచ్ 2 కన్నా కిందికి తెస్తే 28 రోజులు ఆగవచ్చు. ఆసిడ్ ముందే పోసిన సీసా మాత్రం బీఓడీకి పనికిరాదు. ఆయిల్ అండ్ గ్రీజ్‌కు, బాక్టీరియా పరీక్షలకు ఈ శాంప్లర్‌నే నమ్ముకోకండి. నూనె గొట్టానికి అంటుకుంటుంది, బాక్టీరియాకు స్టెరిలైజ్ చేసిన (క్రిములు లేని) సీసా కావాలి. వాటిని చేత్తో విడిగా పట్టాలి. పీహెచ్, ఉష్ణోగ్రత అక్కడికక్కడే చూడాలి.

ఐస్ గురించి కూడా ఆలోచించండి. మే నెలలో పటాన్‌చెరులోనో పరవాడలోనో ఎండలో పెట్టిన శాంప్లర్‌లో ఉదయం వేసిన ఐస్ మర్నాటికి నీళ్లే. మెషీన్ రెజ్యూమ్ అవుతుంది కానీ ఐస్ రెజ్యూమ్ కాదు. ఎలాగూ రోజూ ఐస్ వేయడానికి మనిషి వెళ్లాల్సిందే కాబట్టి, బీఓడీ ఉన్న పనికి రోజువారీ ప్రోగ్రాం పెట్టి సీసాలు రోజూ మార్చడమే నా సలహా. ఆ మనిషి రాలేని సెలవు రోజుల్లో పనికొచ్చేలా స్టాప్, రెజ్యూమ్ ఉంచుకోండి.

బయల్దేరే ముందు, తిరిగొచ్చాక

బ్యాటరీ 12 వోల్టులదే అయినా, పంపు తిరుగుతున్నప్పుడు ఎంత పడిపోతోందో చూడండి. ఊరికే ఉన్నప్పుడు బాగానే చూపించే పాత బ్యాటరీ రెండో రోజు రెజ్యూమ్‌కు చేతులెత్తేస్తుంది. మెనూలో ఇచ్చిన సక్షన్ ట్యూబ్ పొడవు, నిజంగా తగిలించిన పొడవు ఒకటే కావాలి. శాంపిల్ పరిమాణాన్ని మెజరింగ్ సిలిండర్‌తో ఒకసారి కొలవండి. స్ట్రెయినర్ (గొట్టం చివరి జల్లెడ) బురదలో కూరుకుపోకుండా, నీరు తగ్గినా తేలకుండా ఉండాలి. మొదటి శాంపిల్ పడేదాకా అక్కడే ఉండి చూడడం అన్నిటికన్నా మంచిది.

మధ్యలో ఎవరైనా స్టాప్ బటన్ నొక్కి మెనూ చూస్తే ప్రోగ్రాం ఆగుతుంది. ఇది ప్రోగ్రాంలో మనం పెట్టిన స్టాప్ కాదు కాబట్టి మనం పెట్టిన రెజ్యూమ్ టైము దీనికి పనిచేస్తుందని నమ్ముకోకండి. ఆ మధ్యలో రావాల్సిన శాంపిళ్లు పోయినట్టే, తర్వాత తీయదు. వాచ్‌మన్‌కు, ఆపరేటర్‌కు ఈ ఒక్క ముక్క చెప్పి, కుదిరితే మూతకు తాళం వేయండి.

తిరిగొచ్చాక సీసాలు తీయకముందే లాగ్ చూడండి. ప్రతి శాంపిల్ టైము, సీసా నంబరు, నీరు దొరకలేదన్న మెసేజ్‌లు, కరెంటు పోయిన టైము అన్నీ అందులో ఉంటాయి. దాన్ని ఫోటో తీసుకోండి లేదా డౌన్‌లోడ్ చేయండి, ఎందుకంటే చాలా మెషీన్లలో కొత్త ప్రోగ్రాం రన్ చేయగానే పాత లాగ్ చెరిగిపోతుంది. సీసాల మీద అంటించే లేబుల్‌లో మీరు కాగితం మీద రాసుకున్న టైము కాకుండా లాగ్‌లో ఉన్న టైమే రాయండి. ఖాళీగా ఉన్న సీసాను కూడా నంబరుతో సహా రిజిస్టర్‌లో ఎక్కించండి. 13వ సీసా ఖాళీ అని రాయకుండా 14వ సీసాను దాని స్థానంలోకి జరిపితే, ఆ తర్వాతి శాంపిళ్లన్నీ ల్యాబ్ రిపోర్టులో అసలు టైము కన్నా ఒక గంట ముందు తీసినట్టు కనిపిస్తాయి.